కెగరేటర్ గొట్టాలు: అపోహలు - వాస్తవాలు

డల్లాస్ చుట్టుపక్కల బార్లలో డ్రాఫ్ట్ బీరు లైన్లు కడగడం, పాతబడినవి మార్చడం నా పని. ఇక్కడి తెలుగువాళ్ల గ్యారేజీల్లోనూ కెగరేటర్లు (కెగ్గు, అంటే బీరు పీపాను చల్లగా ఉంచి, గొట్టం ద్వారా కుళాయికి బీరు అందించే ఫ్రిజ్‌లు) వెలిశాయి కాబట్టి వారాంతాల్లో ఫోన్లు తప్పవు. "అన్నా, మొదటి గ్లాసు ప్లాస్టిక్ వాసన, రెండోది బాగానే ఉంది. కెగ్గు పాడైందా?" కెగ్గు పాడైతే రెండో గ్లాసు ఎలా బాగుంటుంది? 3/16 అంగుళాల లోపలి వ్యాసం ఉన్న గొట్టం 10 అడుగులు ఉంటే అందులో దాదాపు 54 మిల్లీలీటర్ల బీరు నిలిచి ఉంటుంది. రాత్రంతా గొట్టంలో నానిన ఆ బీరే మొదటి గ్లాసులో పడుతుంది.

అపోహ: ఫుడ్ గ్రేడ్ అని రాసి ఉంటే చాలు

ఆ ముద్ర ఆరోగ్యానికి సంబంధించినది, రుచికి కాదు. హార్డ్‌వేర్ దుకాణంలో అడుగుల లెక్కన అమ్మే పారదర్శక వినైల్ గొట్టం అంత మెత్తగా వంగడానికి కారణం పీవీసీలో కలిపే ప్లాస్టిసైజర్లు. కొత్త రెయిన్‌కోటు మడత విప్పినప్పుడు వచ్చే వాసన గుర్తుందా? అలాంటిదే. కొనే ముందు ఒక ముక్క తెచ్చి నీళ్లు నింపి, రెండు చివరలూ మూసి ఒక రాత్రి ఉంచండి. పొద్దున ఆ నీళ్లు ఒక గుక్క రుచి చూడండి. నీళ్లకు అంటిన రుచి బీరుకూ అంటుతుంది. ఘాటైన నల్ల బీరు స్టౌట్ తాగేవారికి తెలియకపోవచ్చు గానీ తేలికపాటి పిల్స్‌నర్‌లో దాగదు.

అపోహ: లోపల పీడనం ఉంది కదా, బయటి గాలి ఎలా చొరబడుతుంది?

ఇది ఎక్కువగా ఇంజనీర్లు అడిగే ప్రశ్న. మనవాళ్లలో వాళ్లకు కొదవ లేదు. ఇంటర్మీడియట్‌లో బట్టీ పట్టిన డాల్టన్ పాక్షిక పీడనాల నియమాన్ని ఒకసారి బయటికి తీయండి. ఏ వాయువు లెక్క దానిదే. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, అంటే పీడనంలో దాని వాటా సుమారు 3 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). బీరులో ఆక్సిజన్ దాదాపు సున్నా. లోపల బీరును నెట్టే కార్బన్ డయాక్సైడ్ 12 పీఎస్ఐతో ఉన్నా ఆక్సిజన్‌కు దానితో నిమిత్తం లేదు; గొట్టం గోడ గుండా మెల్లగా లోపలికి చేరుతూనే ఉంటుంది. అదే గోడ గుండా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. ఫలితంగా బీరుకు చేదు, సువాసన ఇచ్చే హాప్స్ పూల పరిమళం తగ్గి, తడిసిన అట్టపెట్టె రుచి మొదలవుతుంది.

ఈ లెక్కలో అందరికంటే అధ్వానం సిలికాన్. వాసన లేదు, మరిగించుకోవచ్చు అని మురిసిపోయి మొదట్లో నేనూ వేశాను. దాని గుండా ఆక్సిజన్ వినైల్ కంటే ఎన్నో రెట్లు సులువుగా దూరుతుంది. బీరు కాచేటప్పుడు ఒక పాత్ర నుంచి మరో పాత్రకు మార్చడానికి పనికొస్తుంది, అంతే.

బార్లలో దూరపు లైన్లకు లోపల నైలాన్ లేదా పెట్ (సీసాల ప్లాస్టిక్) పొర ఉండి వాయువులను అడ్డుకునే బ్యారియర్ గొట్టమే వేస్తాం. ఇంటికైతే 4 మి.మీ. లోపలి వ్యాసం, 8 మి.మీ. బయటి వ్యాసం ఉన్న బ్యారియర్ రకం దొరుకుతుంది. క్లాంపులు అక్కర్లేదు, నొక్కితే పట్టుకునే ఫిట్టింగులు ఉంటాయి. కాకపోతే చివర ఏటవాలు లేకుండా, పదునైన కట్టర్‌తో కోయాలి. కత్తెరతో నలిపి కోసి, కారుతోందని నాకు ఫోన్ చేసినవారు చాలామందే.

అపోహ: బాగా కడిగితే ఏ వాసనైనా పోతుంది

మా అమ్మాయి పుట్టినరోజుకు వినైల్ లైనులో అల్లం సోడా పోయించాను. మూడుసార్లు కడిగినా పిల్స్‌నర్‌లో అల్లమే పలకరించింది. గొట్టం తీసి పారేశాను. రూట్ బీర్ అనే అమెరికన్ కూల్ డ్రింక్ అయితే ఇంకా మొండిది. ఒకసారి పారిన లైనును దానికే వదిలేస్తాం.

వెన్న వాసన, వెనిగర్ పులుపు మాత్రం వేరే కథ. అవి చాలావరకు మురికి లైనులో పెరిగే బ్యాక్టీరియా చలవ, వాటికి మందు కడగడమే. రెండు వారాలకోసారి 2 శాతం కాస్టిక్ (ఘాటైన క్షార) లైన్ క్లీనర్‌ను పంపుతో 15 నిమిషాలు తిప్పి, చల్లటి నీళ్లతో పూర్తిగా కడిగేయండి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. బ్లీచ్ వద్దు. వినైల్ లైను అయితే ఏడాదికోసారి మార్చండి.

అపోహ: గొట్టం పొట్టిగా ఉంటే నురుగు తక్కువ

పూర్తిగా తలకిందులు. కెగ్గులోని పీడనాన్ని కుళాయి చేరేలోపు తగ్గించేది గొట్టం పొడవే. 38 డిగ్రీల ఫారెన్‌హీట్, 12 పీఎస్ఐ దగ్గర 3/16 వినైల్‌ను 10 అడుగులతో మొదలుపెట్టండి. ధార మరీ సన్నగా ఉంటే కొంచెం కొంచెంగా కోసుకోవచ్చు. నురుగుకు భయపడి గ్యాస్ తగ్గిస్తే నాలుగు రోజుల్లో బీరు చప్పబడుతుంది.

అపోహ: గ్యాస్ లైనుకూ ఖరీదైన గొట్టమే కావాలి

అక్కర్లేదు. అది కెగ్గుకు కార్బన్ డయాక్సైడ్ చేరవేసే గొట్టం, అందులో బీరు నిలవదు. 5/16 మామూలు వినైల్ సరిపోతుంది.

గొట్టం మార్చాక కూడా ఇనుప రుచి వస్తుంటే కుళాయి వెనక ఫ్రిజ్ తలుపులోంచి వచ్చే షాంక్ విప్పి, టార్చి వేసి లోపలికి చూడండి. క్రోమ్ పూత పోయి ఇత్తడి పచ్చదనం కనిపిస్తే, స్టెయిన్‌లెస్ స్టీలుది కొని బిగించండి.