నల్లమల లోయలో శాటిలైట్ ఫోన్‌కు ఏ ఫ్రీక్వెన్సీ, ఎందుకు?

మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పడిపోతాయి. అమ్రాబాద్ అడవిలో టవర్లు తక్కువ, ఉన్నవాటికీ గుట్టలు అడ్డం. లోపలి చెంచు పెంటలో (గూడెంలో) ఎవరినైనా పాము కరిస్తే కబురు చేరడానికి, నేల మీది టవర్‌తో పనిలేని ఫోన్ ఉంటే ప్రాణం దక్కుతుంది. ఆ ఫోన్ ఎక్కడ పలుకుతుందో, ఎక్కడ మూగబోతుందో చాలావరకు దాని ఫ్రీక్వెన్సీయే తేలుస్తుంది.

చేతిలో పట్టే శాటిలైట్ ఫోన్లు దాదాపు అన్నీ ఎల్ బ్యాండ్ (1–2 గిగాహెర్ట్జ్), ఎస్ బ్యాండ్ (2–4 గిగాహెర్ట్జ్) లోనే ఉన్నాయి. ఇంటిపైన డీటీహెచ్ డిష్ 11, 12 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది కదా, ఫోన్‌కూ అదే ఎందుకు పెట్టరు? డిష్ ఒక్క దిక్కే చూస్తుంది, బిగించి వదిలేస్తాం. ఫోన్ మాత్రం మనిషి ఎటు తిరిగినా అందుకోవాలి. అన్ని దిక్కులూ సమానంగా చూసే యాంటెన్నా సిగ్నల్‌ను పట్టే వైశాల్యం ఎంతంటే, తరంగం పొడవును దానితోనే గుణించి 12.6తో భాగించినంత. 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం 18.7 సెంటీమీటర్లు, వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లు. 12 గిగాహెర్ట్జ్‌కు పోతే తరంగం రెండున్నర సెంటీమీటర్లకు, వైశాల్యం అర చదరపు సెంటీమీటరుకు పడిపోతుంది. యాభై రెట్లకు పైగా నష్టం. పైగా వాన: 10 గిగాహెర్ట్జ్ పైన చినుకులు సిగ్నల్‌ను మింగేస్తాయి, జోరువానలో టీవీ ఆగేది అందుకే. ఎల్ బ్యాండ్‌కు వాన లెక్కలోకే రాదు.

ఇక దూరం. శాటిలైట్ ఫోన్ సేవలిచ్చే రెండు సంస్థలు ఇన్‌మార్‌శాట్, ఇరీడియం. ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహాలు భూమధ్యరేఖ పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో, మనకు కదలనట్టే ఉంటాయి. ఫోన్ నుంచి పైకి 1626.5–1660.5 మెగాహెర్ట్జ్, కిందికి 1525–1559. ఇరీడియం ఉపగ్రహాలు 66, ఎత్తు 780 కిలోమీటర్లే. పైకీ కిందికీ 1616–1626.5 మెగాహెర్ట్జే, సమయం పంచుకుని వాడుతుంది. దగ్గరితనం వల్ల ఇరీడియం సిగ్నల్ సుమారు 2,100 రెట్లు తక్కువ బలహీనపడుతుంది. ఎత్తున ఉన్నవాటికి ఆ లోటు తీర్చేది పెద్ద యాంటెన్నా: 2015 ఆగస్టు 27న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో ఉపగ్రహం జీశాట్-6కు అంతరిక్షంలో విచ్చుకునే 6 మీటర్ల ఎస్ బ్యాండ్ యాంటెన్నా పెట్టారు.

దగ్గరికొస్తే చిక్కులూ వస్తాయి. ఇరీడియం ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంది, పది నిమిషాల లోపే దిగంతం దాటేస్తుంది. ఆలోపు కాల్‌ను మరోదానికి అప్పగించాలి. ఆ వేగానికి ఫ్రీక్వెన్సీ 36 కిలోహెర్ట్జ్ వరకు పక్కకు జరుగుతుంది. ఛానెళ్ల మధ్య ఎడం 41.67 కిలోహెర్ట్జే కాబట్టి, ఫోన్ ముందే సరిచేసుకుని పంపకపోతే మాట పక్క ఛానెల్‌లోకి చొరబడుతుంది. ప్రపంచమంతటికీ కలిపి ఉన్నది 10.5 మెగాహెర్ట్జే. అందుకే గొంతును సెకనుకు 2.4 కిలోబిట్లకు కుదిస్తారు, వినడానికి పలచగా ఉంటుంది.

లోతైన లోయలో మాత్రం కదలని ఉపగ్రహమే నయం. నల్లగొండ నుంచి చూస్తే 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది జీశాట్-6 దక్షిణానికి కాస్త తూర్పుగా, దాదాపు 70 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు చూపును గుట్ట అరుదుగా అడ్డుకుంటుంది. ఇరీడియం ఉపగ్రహం ఒక్కోసారి దిగంతానికి దగ్గరగా ఉంటుంది, అప్పుడు గుట్టలు కమ్మేసి కాల్ తెగుతుంది.

వానకు లొంగని ఎల్ బ్యాండ్ ఆకుకు లొంగుతుంది. తడిసిన గుబురు కింద, కాంక్రీటు కప్పు కింద, బండిలో కూర్చుని ప్రయత్నిస్తే బ్యాటరీ ఖర్చు తప్ప ఫలితం ఉండదు. ఖాళీ జాగాకు వచ్చి యాంటెన్నాను పూర్తిగా లాగాలి. ఇరీడియం అయితే నిటారుగా ఆకాశానికి, ఇన్‌మార్‌శాట్ అయితే ఉపగ్రహం ఉన్న దిక్కుకు చూపాలి. ఇన్‌మార్‌శాట్ ఫోన్ ముందు జీపీఎస్‌తో తానెక్కడున్నదో తేల్చుకున్నాకే నెట్‌వర్క్‌లో చేరుతుంది. అందాకా కదలకుండా ఆగాలి.

అన్నీ సరిగ్గా చేసినా, మార్చి, సెప్టెంబర్ ప్రాంతంలో పొద్దుగూకాక మాట తెగిపోతుంటే తప్పు ఫోన్‌ది కాకపోవచ్చు. అయస్కాంత భూమధ్యరేఖ తమిళనాడు కొస మీదుగా పోతుంది, దానికి చేరువలో ఉన్న మన ఆకాశంలో సూర్యాస్తమయం తర్వాత అయనోస్ఫియర్ (విద్యుదావేశం ఉండే పై వాతావరణ పొర) కలగుండు పడుతుంది, దాన్ని దాటొచ్చే సిగ్నల్ ఎగుడుదిగుడవుతుంది. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో ఇది ఎక్కువ, ఎల్ బ్యాండ్ మీద ప్రభావం ఎస్ బ్యాండ్ కన్నా ఎక్కువ. అర్ధరాత్రి దాటాక మళ్లీ ప్రయత్నించడం మంచిది.

టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడటం మన దేశంలో నేరం. అడవిలో పనిచేసే సంస్థలు అనుమతి తీసుకుని బీఎస్ఎన్ఎల్ ద్వారా ఇన్‌మార్‌శాట్ ఫోన్ పొందవచ్చు.