కోపం రాకుండా చేసే మంత్రం కాదు: పిల్లల భావోద్వేగ శిక్షణపై అపోహలు - వాస్తవాలు

స్కూళ్లలో దీన్ని ఎస్‌ఈఎల్ అంటున్నారు, పుస్తకాల్లో సామాజిక-భావోద్వేగ అభ్యసనం అని రాస్తున్నారు. పేరుకి ఉన్న బరువు విషయంలో లేదు. తనకేమవుతోందో తనకు తెలియడం, కోపమొచ్చినా చెయ్యి ఆపుకోవడం, ఎదుటివాళ్ల మనసు కనిపెట్టడం, నలుగురితో కలిసి మెలగడం, ఏ పనైనా చేసేముందు ఒక్క క్షణం ఆలోచించడం. 1994లో అమెరికాలో మొదలైన కాసెల్ అనే సంస్థ గుదిగుచ్చి చెప్పిన ఐదు నేర్పులు ఇవే. వీటి చుట్టూ అల్లుకున్న అపోహలు మాత్రం ఐదుకు మించే ఉన్నాయి.

అపోహ: ఇది పాత నీతిబోధ క్లాసే, పేరు మార్చారంతే.

శతక పద్యం గడగడా అప్పజెప్పిన పిల్లాడే మరు నిమిషంలో పెన్సిల్ లాక్కున్నవాడి వీపు మీద ఒక్కటి చరుస్తాడు. కొట్టకూడదని తెలియక కాదు, కొట్టే బదులు ఏం చేయాలో అలవాటు లేక. అందుకే ఈ క్లాసులో వినడం కంటే చేయడం ఎక్కువుండాలి. 20 నిమిషాల క్లాసైతే మొదటి 5 నిమిషాలు ఒక సందర్భం చూపించాలి. తర్వాత 10 నిమిషాలు పిల్లలు ఇద్దరిద్దరుగా దాన్ని ఆడి చూపాలి, పాత్రలు మార్చుకుని మళ్లీ ఆడాలి. చివరి 5 నిమిషాల్లో రేపు ఎక్కడ వాడతారో వాళ్లే చెప్పాలి. నేర్పే మాట చిన్నదిగా ఉండాలి: "అది నా పెన్సిల్. రాసుకుంటున్నా. అయ్యాక ఇస్తా." రెండు వారాలకు ఒక్క నేర్పు చాలు. క్లాసు చెడేది ఎక్కువగా ఒకే చోట: సందర్భం చెప్పగానే టీచర్ నీతి అందుకుంటారు, 15 నిమిషాలు అక్కడే అయిపోతాయి.

అపోహ: సిలబస్ కే టైం లేదు, దీనివల్ల చదువు దెబ్బతింటుంది.

213 బడి కార్యక్రమాల ఫలితాలను, అంటే 2 లక్షల 70 వేల మంది పిల్లల వివరాలను, కలిపి చూసిన ఒక పరిశీలన 2011లో వచ్చింది. శిక్షణ పొందిన పిల్లలు చదువులో 11 పర్సెంటైల్ ముందున్నారని అందులో తేలింది. దీన్ని 11 మార్కులు పెరగడం అని చదువుకోకండి. వందమందిలో 50వ ర్యాంకు దగ్గరున్న పిల్ల 39వ ర్యాంకు దగ్గరికి వచ్చినట్టు. ఆ బడులు చాలావరకు అమెరికావి. పైగా అమలులో తేడాలొచ్చిన చోట లాభమూ తగ్గింది. టైంటేబుల్‌లో ఓ పీరియడ్ పేరు రాసి, అందులో లెక్కలు చెప్పుకుంటే ఒరిగేదేమీ లేదు.

అపోహ: దీనికీ గ్రేడ్ ఇస్తేనే పిల్లలు పట్టించుకుంటారు.

గ్రేడ్ పెడితే టీచర్‌కి నచ్చే జవాబు చెప్పడం నేర్చుకుంటారు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018 జులైలో నర్సరీ నుంచి 8వ తరగతి దాకా హ్యాపీనెస్ క్లాసు మొదలుపెట్టినప్పుడు దానికి పరీక్ష పెట్టకపోవడం మంచి నిర్ణయం.

అపోహ: శిక్షణ బాగా అందిన పిల్లకి కోపం, ఏడుపు రావు.

వస్తాయి. రావాలి కూడా. మారాల్సింది అవి వచ్చాక జరిగేది.

ఆరేళ్ల పిల్లాడు అక్కతో వైకుంఠపాళి ఆడుతున్నాడనుకోండి. పై వరుసదాకా వచ్చి పెద్దపాము నోట్లో పడ్డాడు. అట్ట ఎగిరింది, గవ్వలు మంచం కిందికి దొర్లాయి. అక్క "ఉడుకుమోతు!" అంది. ఇప్పుడు పెద్దవాళ్లు ఏం చేయాలి?

ముందు వాడి కంటి ఎత్తుకి వచ్చేలా కింద కూర్చోండి. గొంతు తగ్గించండి. "విసరనివ్వను" అని ఒక్క మాట చెప్పి చెయ్యి పట్టుకోండి. ఆ తర్వాత "గెలుస్తాననుకున్నావు, కిందికొచ్చేశావు. ఉక్రోషంగా ఉందా?" అని అడగండి. అడగాలే గానీ తీర్పు చెప్పకూడదు. "కాదు, అక్క నవ్వింది" అంటాడేమో. అప్పుడది ఓటమి బాధ కాదు, నామోషీ. మందు వేరు. ఊపిరి మామూలయ్యాక గవ్వలు వాడే ఏరాలి, మీరు పక్కనుంటే చాలు. బుద్ధులు చెప్పడానికి అది సమయం కాదు. ఒళ్లంతా వేడెక్కి ఉన్నప్పుడు ఎంత మంచి మాటైనా బుర్రకెక్కదు.

భావానికి సరైన పేరు పెడితే దాని జోరు కొంత తగ్గుతుందని మెదడు స్కానింగ్ ప్రయోగాల్లోనూ కనిపించింది. ఈ పనికి తెలుగంత అనువైన భాష మన ఇంట్లో మరొకటి ఎక్కడుంది! కోపం, చిరాకు, అలక, కినుక, ఉక్రోషం, కుళ్లు ఒకటి కావు. దిగులు వేరు, బెంగ వేరు, బెరుకు వేరు. అమ్మమ్మ ఊరెళ్లిపోతే పిల్లకొచ్చేది బెంగ. దాన్ని "శాడ్" అంటే సగమే చెప్పినట్టు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు, అమెరికాలో పెరిగే మన పిల్లలకు యాంగ్రీ, శాడ్, హ్యాపీ దగ్గరే మాటలు ఆగిపోతుంటాయి. వారానికి ఒక తెలుగు మాట ఫ్రిజ్ మీద అంటించి, రాత్రి భోజనాల దగ్గర "ఇవాళ నాకెప్పుడు ఇలా అనిపించిందంటే..." అని ముందు పెద్దవాళ్లే చెప్పండి. ఒక జాగ్రత్త: భావానికి పెట్టిన పేరు పిల్లాడికి అంటుకోకూడదు. "నీకు ఉక్రోషం వచ్చింది" సరే, "నువ్వు ఉడుకుమోతువి" మాత్రం వద్దు.

అపోహ: గట్టిగా ఊపిరి పీల్చుకోమంటే చాలు.

అలా అంటే పిల్లలు భుజాలు ఎగరేసి గాలి మింగుతారు, గుండె దడ తగ్గదు. గుండె వేగం నెమ్మదించేది గాలి వదిలేటప్పుడు. మూడు లెక్కపెడుతూ ముక్కుతో తీసుకుని, వేడి పాలు ఊదినట్టు ఐదు లెక్కపెడుతూ నోటితో వదలాలి. అలా ఐదుసార్లు. దీన్ని రెండు వారాలు రోజూ పడుకునేముందు చేయించాలి. పేచీ మధ్యలో మొదటిసారి నేర్పబోతే, ఆ ఊపిరి పాఠమే ఇంకో పేచీ అవుతుంది.

అపోహ: దిండు మీద నాలుగు గుద్దితే కోపం దిగిపోతుంది.

కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం ఫలితాలు 2002లో వచ్చాయి. కోపం తెప్పించినవాణ్ణి తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దినవాళ్ల కోపం, ఊరికే కూర్చున్నవాళ్ల కోపం కంటే ఎక్కువైంది. పరుగెత్తడం, తాడాట మంచివే, కానీ అవతలివాణ్ణి తిట్టుకుంటూ చేస్తే కాదు.

అపోహ: సారీ చెప్పించాం, అయిపోయింది.

నేల చూస్తూ అనే "సారీ" పెద్దవాళ్ల తృప్తికే. చింపిన నోట్సు పేజీ తిరిగి రాసివ్వడం, పడగొట్టిన క్యారేజీకి తన అన్నంలో సగం పెట్టడం, వీటితో జరిగిన నష్టం తీరుతుంది. ఏం చేస్తే సరిపోతుందో నష్టపోయిన పిల్లనే అడగాలి.

అపోహ: కాస్త భయం చెబితేనే దారికొస్తారు.

"మావాడికి భయం చెప్పండి టీచర్‌గారూ" అని తల్లిదండ్రులే అడుగుతుంటారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ మానసిక వేధింపునీ నిషేధించింది. చట్టాన్ని పక్కన పెట్టినా, భయం నేర్పేది ఒక్కటే: దొరక్కుండా చేయడం.

అపోహ: క్లాసులో అందరూ మనసు విప్పి మాట్లాడాల్సిందే.

"నేనిప్పుడు చెప్పను" అనే హక్కు ప్రతి పిల్లకీ ఉండాలి, ఆ సంగతి మొదటిరోజే చెప్పాలి. ఎవరైనా ఇంట్లో దెబ్బల గురించి అందరిముందు మొదలుపెడితే "ఇది మనిద్దరం మాట్లాడుకుందాం" అని నెమ్మదిగా ఆపి, ఆ రోజే విడిగా వినాలి. 1098 పిల్లల హెల్ప్‌లైన్. లైంగిక వేధింపు అని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి, పరువు పేరుతో దాచడం కుదరదు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి కుదరకపోతే, బడి పేరెత్తితేనే వణుకుతుంటే క్లాసు కార్యక్రమాలతో సరిపెట్టకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, 14416 నంబరుకి, ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.