మంటల్లో వేసినా మిగిలిన పాట: రిట్సోస్ 'ఎపిటాఫియోస్' నేపథ్యం

1936 మే నెలలో గ్రీస్‌లోని థెస్సలోనికి నగరంలో పొగాకు కార్మికులు కూలి పెంచమని సమ్మె చేస్తున్నారు. మిగతా వృత్తులవాళ్లూ వాళ్లతో కలిశారు. మే 9న పోలీసులు కాల్పులు జరిపారు. 12 మంది చనిపోయారు. వాళ్లలో తాసోస్ తూసిస్ అనే పాతికేళ్ల డ్రైవర్ ఒకడు. నడివీధిలో కొడుకు శవం పక్కన ఏడుస్తున్న తల్లి ఫొటో మర్నాడు కమ్యూనిస్టు పత్రిక 'రిజోస్పాస్టిస్'లో వచ్చింది.

ఆ ఫొటో చూసి గ్రీకు కవి యానిస్ రిట్సోస్ 'ఎపిటాఫియోస్' అనే కవిత రాయడం మొదలుపెట్టాడు. మే 12కల్లా కొంత భాగం అదే పత్రికలో అచ్చయింది. అప్పటికి అతనికి 27 ఏళ్లు. గ్రీస్‌లోని మోనెమ్వాసియా ఊళ్లో ఒకప్పుడు భూములున్న కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే అన్ననూ, తల్లినీ కొన్ని నెలల తేడాతో క్షయ తీసుకుపోయింది. తండ్రికి మతి చలించింది. తనకూ క్షయ సోకి శానటోరియంలో ఏళ్లు గడిపాడు. ఏడుపంటే ఏమిటో అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అంతకుముందు రాసిన కవితల్లో యంత్రాలు, నినాదాలు ఎక్కువ. ఈసారి అవన్నీ పక్కనబెట్టి, గ్రీకు జానపదుల పదిహేను అక్షరాల పాదాన్ని పట్టుకున్నాడు. పల్లెల్లో ఆడవాళ్లు శవం ముందు కూర్చుని ఏడ్చే పాటల ఛందస్సు అది. కావ్యం పేరేమో గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో క్రీస్తు కోసం పాడే శోకగీతాల నుంచి తీసుకున్నాడు. కార్మికుడి తల్లి గొంతులో మరియమాత గొంతు వినిపిస్తుంది. ఆ కావ్యం బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం. చదువురాని మనిషికి కూడా వినగానే తెలిసిపోయే పద్ధతి అది.

పుస్తకం 10,000 కాపీలు వేశారు, అప్పటి గ్రీస్‌లో కవిత్వానికి అది చాలా పెద్ద సంఖ్య. అదే ఏడాది ఆగస్టు 4న ప్రధాని మెటాక్సాస్ నియంతృత్వం వచ్చింది. అమ్ముడుపోని కాపీలను ఏథెన్స్‌లో జ్యూస్ ఆలయం దగ్గర తగలబెట్టారు.

తర్వాత యుద్ధం, నాజీల ఆక్రమణ, అంతర్యుద్ధం. 1948 నుంచి 1952 దాకా రిట్సోస్ లెమ్నోస్, మక్రోనిసోస్, అయ్ స్ట్రాటిస్ దీవుల్లో బందీ. మక్రోనిసోస్‌లో రాసిన కవితలను సీసాల్లో పెట్టి మట్టిలో పాతిపెట్టాడు.

1956లో అతని మరో కవిత 'వెన్నెల సొనాటా'కు ప్రభుత్వ బహుమతి వచ్చింది. అయినా జనం నోట నిలిచింది 'ఎపిటాఫియోస్' పాటలే. దానికి కారణం గ్రీకు సంగీత దర్శకుడు మికిస్ థియోడొరాకిస్. 1958లో పారిస్‌లో ఉన్న అతనికి రిట్సోస్ ఆ పుస్తకం పంపించాడు, అతను కొన్ని భాగాలకు బాణీ కట్టాడు. 1960లో రెండు రికార్డింగులు వచ్చాయి. ఒకటి నానా మూస్కూరి గొంతుతో మెత్తగా సాగింది. ఇంకోదానికి థియోడొరాకిస్ బుజూకి వాద్యాన్ని, గ్రిగోరిస్ బిథికోట్సిస్ గొంతును ఎంచుకున్నాడు. బుజూకి అంటే కల్లుపాకల వాయిద్యమని పెద్దమనుషులు చిన్నచూపు చూసే రోజులవి. ఇంత పవిత్రమైన శోకానికి అదేమిటని గొడవ పడ్డారు. కూలివాడి తల్లి ఏడుపుకు కూలివాళ్ల వాయిద్యమే సరైనది, థియోడొరాకిస్ చేసిందే న్యాయం.

1967 ఏప్రిల్‌లో సైనిక పాలన రాగానే రిట్సోస్‌ను మళ్లీ పట్టుకుపోయి యారోస్, లెరోస్ దీవుల్లో ఉంచారు. తర్వాత సామోస్‌లో గృహనిర్బంధం. థియోడొరాకిస్ పాటలు పాడినా విన్నా నేరమని సైన్యం ఉత్తర్వు ఇచ్చింది. అది 1974లో సైనిక పాలన పడిపోయేదాకా నడిచింది. రిట్సోస్ 1990 నవంబరులో చనిపోయాడు. ఆ పాటలను గ్రీస్‌లో మేడే సభల్లో ఇప్పటికీ పాడుతున్నారు.