ఖాళీ సైటులో చామంతి చుట్టాలు

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు ఇంకా ఇల్లు లేవని సైటు ఏదైనా చూడండి. రెండు వానలు పడితే చాలు, కంకర కుప్పల సందుల్లోంచి కూడా మొక్కలు లేస్తాయి. పిచ్చిమొక్కలని మనం పక్కన పెట్టేసే వాటిలో చామంతి కుటుంబానివి చాలానే ఉంటాయి. కొన్ని నెలల్లో మొలిచి, పూసి, గింజ రాల్చి చచ్చిపోయే ఏకవార్షికాలే వీటిలో ఎక్కువ. వీటి పూలంత తెలివైన కట్టడం మొక్కల్లో అరుదని నా నమ్మకం.

బెంగళూరు తోటల్లో, కుండీల్లో తరచూ కనిపించే గాలిన్సోగానే తీసుకోండి. అయిదు తెల్లటి రేకులు, మధ్యలో పసుపు గుండ్రం, మొత్తం వెడల్పు అర సెంటీమీటరు. ఒక తెల్ల రేకను గోటితో మెల్లగా లాగి భూతద్దం కింద పెట్టండి. దాని అడుగున చిన్న గొట్టం, అందులోంచి రెండుగా చీలిన కీలం (పుప్పొడిని అందుకునే ఆడ కాడ), కింద గింజ తయారయ్యే ఒక బుల్లి అండాశయం కనిపిస్తాయి. అంటే అది రేక కాదు, పూర్తిగా ఒక ఆడపువ్వు. పసుపు గుండ్రంలోని ప్రతి చుక్కా కూడా ఒక పువ్వే. మనం ఒక్క పువ్వు అనుకుంటున్నది నిజానికి చిన్న పూల గుంపు.

ఆ తెల్ల పువ్వు కొసన మూడు పళ్లుంటాయి. మూడు రేకులు అతుక్కుని ఒకటయ్యాయని చెప్పే గుర్తులవి. అదే కుటుంబానికి చెందిన సోంకస్ కూడా రోడ్డు పక్కనే పెరుగుతుంది. కాడ తుంచితే పాలు కారతాయి. దాని పసుపు పూల కొసన అయిదేసి పళ్లు లెక్కపెట్టొచ్చు, ఎందుకంటే అక్కడ అయిదు రేకులూ కలిసిపోయాయి.

నన్ను ఎక్కువగా కట్టిపడేసేది నడిమి పూలు పుప్పొడి పంచే తీరు. పుప్పొడి సంచులైన పరాగకోశాలు అయిదూ పక్కపక్కన అతుక్కుని ఒక గొట్టంలా ఏర్పడి, పుప్పొడిని లోపలికే వదులుతాయి. అప్పుడు కీలం అడుగు నుంచి పెరుగుతూ, సిరంజిలో మందును నెట్టే కడ్డీలాగా పుప్పొడిని పైకి తోస్తుంది. అది తేనెటీగ కాళ్లకో, పొట్టకో అంటుకుంటుంది. ఆ తర్వాతే కీలం కొస రెండుగా విచ్చుకుని, వేరే మొక్క పుప్పొడిని అందుకునే లోపలి ముఖం బయటపడుతుంది. పూలన్నీ ఒకేసారి విచ్చుకోవు. అంచు నుంచి మధ్యకు వరసగా విచ్చుకుంటాయి కాబట్టి ఒకే గుండ్రంలో మొగ్గ, పుప్పొడి, విచ్చిన కీలం మూడు దశలూ పక్కపక్కనే దొరుకుతాయి. ఫోన్ కెమెరాకు చిన్న మాక్రో లెన్స్ తగిలిస్తే చాలు.

పురుగు రాకపోతే? ఈ కుటుంబంలో చాలా మొక్కలకు, కీలం కొమ్మలు ఇంకా వంగి సొంత పుప్పొడినే తాకే వీలుంది. నాలుగు నెలల బతుకులో తోడు కోసం ఎదురుచూసే టైమ్ ఉండదు కదా. గాలిన్సోగా కూడా సొంత పుప్పొడితో గింజ కట్టగలదు. అలాంటి మొక్క ఒక్కటే కొత్త చోటికి చేరినా సంతానం నిలబడుతుందని వృక్షశాస్త్రవేత్త హెర్బర్ట్ బేకర్ 1955లో వాదించాడు. దక్షిణ అమెరికా నుంచి 1796లో లండన్ క్యూ ఉద్యానవనానికి తెచ్చిన గాలిన్సోగా, గోడ దాటి వీధుల్లోకి పాకడమే దానికి సాక్ష్యం.

మామూలు పువ్వులో మొగ్గను కాపాడేవి రక్షక పత్రాలు. ఇక్కడ గుంపు మొత్తానికీ బయటున్న ఆకుపచ్చ పొలుసులే కాపలా కాస్తాయి. దాంతో ఒక్కో పువ్వు రక్షక పత్రాలకు వేరే పని దొరికింది, గింజను ప్రయాణం చేయించడం. గడ్డి చామంతిలో అవి ఈకల్లాంటి నూగుగా మారి గాలికి లేస్తాయి. బైడెన్స్ పైలోసా అనే మొక్కలో రెండు మూడు ముళ్లయ్యాయి. వాటి మీద వెనక్కి తిరిగిన సన్నటి కొక్కేలుంటాయి, అందుకే ప్యాంటుకు పట్టుకుంటే ఒక పట్టాన వదలవు. సినెడ్రెల్లా అనే ఇంకో చుట్టం రెండు రకాల గింజలు ఉంచుకుంది. అంచు పూల గింజలు వెడల్పుగా చిరిగిన అంచులతో ఉంటే, నడిమి పూలవి సన్నగా రెండు ముళ్లతో ఉంటాయి.

ఇదే కట్టడం మనకు తలనొప్పి తెచ్చిపెట్టింది వయ్యారిభామ రూపంలో. దాని నడిమి పూలు పుప్పొడికే పరిమితం. గింజ కట్టేవి అంచున ఉన్న అయిదే. గుంపుకి అయిదు గింజలంటే తక్కువేగా అనిపిస్తుంది, కానీ ఒక పెద్ద మొక్క నుంచి 15,000 గింజలు దాటొచ్చు. ప్రతి గింజకూ పక్కనున్న రెండు గొడ్డు పూలు అతుక్కునే రాలి, గాలిలోనూ నీటిలోనూ తేలడానికి సాయపడతాయి. మన దేశంలో 1950ల్లో పుణెలో గుర్తించిన ఈ మొక్క మీదికి, 1984లో మెక్సికో పెంకుపురుగు జైగోగ్రామాను మొదట వదిలింది బెంగళూరులోనే. వానాకాలంలో ఆ పురుగులు ఆకులు తినేస్తాయి గానీ మొక్క అంతరించలేదు. కొందరికి దీన్ని తాకితే చర్మం దద్దుర్లెక్కుతుంది, పుప్పొడితో తుమ్ములూ ఆయాసమూ వస్తాయి. మిగతా చుట్టాలను చేత్తో పట్టి చూడండి. దీన్ని మాత్రం గ్లౌజులు వేసుకుని, పూత రాకముందే వేళ్లతో సహా పీకేయండి.