కప్ప గుండెలో దొరికిన ఎంజైము, మందు కొట్టే చేలో మొరాయిస్తే

పత్తి చేలో మందు కొడుతూ కుప్పకూలిన కూలీని క్యాజువాలిటీకి తెస్తే, డాక్టరు ముందుగా కంటిపాప చూస్తారు. అది సూదిమొనంతకు ముడుచుకుపోయి ఉంటుంది. నోట చొంగ, ఒళ్లంతా చెమట, ఛాతీలో గురగుర. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ (భాస్వర వర్గపు) పురుగుమందులు నరాన్ని చంపవు, అది పంపిన సంకేతాన్ని ఆగనివ్వవు.

ఆ సంకేతం కరెంటా, రసాయనమా అన్న తగాదా చాలా ఏళ్లు నడిచింది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త 1921లో ప్రచురించిన ప్రయోగం చూడటానికి చాలా తేలిక. రెండు కప్ప గుండెలు, ఒకదానికే గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం ఉంచాడు. ఉప్పు ద్రావణంలో రెండూ కొట్టుకుంటున్నాయి. నరానికి కరెంటు తగిలించగానే మొదటిది నెమ్మదించింది. దానిలోని ద్రావణాన్ని రెండోదానిలో పోస్తే, నరమే లేని ఆ గుండె కూడా నెమ్మదించింది.

కానీ ఇదే ప్రయోగం చాలామంది చేతుల్లో ఫలించలేదు. అందుకు కారణం లోవీ అబద్ధం కాదు, ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము. నరం విడుదల చేసిన ఎసిటైల్‌కోలిన్ అనే సంకేత రసాయనాన్ని అది అక్కడికక్కడే ముక్కలు చేస్తుంది. 1926లో లోవీ, ఆయన సహచరుడు నవ్రాటిల్ కాలబార్ గింజల్లోని ఎసెరిన్ అనే రసాయనంతో ఆ ఎంజైమును అడ్డుకుంటే ప్రభావం నిలిచింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

1936 డిసెంబరులో లోవీ, బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ డేల్ నోబెల్ అందుకున్నారు. అదే నెలలో జర్మనీలో పురుగుమందుల కోసం వెతుకుతున్న గెర్హార్డ్ ష్రేడర్ టాబున్ అనే నరాల విషాన్ని తయారుచేశాడు. టాబున్ లాంటి యుద్ధ విషాలూ ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులూ ఒకే కుటుంబం. అన్నీ ఆ ఎంజైమునే పట్టి బిగిస్తాయి.

నరానికీ కండరానికీ మధ్య సందు మిల్లీమీటరులో సుమారు 20 వేల వంతు మాత్రమే. అందులో ఎసిటైల్‌కోలిన్ పేరుకుంటే గ్రంథులు ఆగకుండా స్రవిస్తాయి, కండరం ముందు అదిరి, తర్వాత చచ్చుబడుతుంది.

వైద్యం కూడా అక్కడి నుంచే పుట్టింది. ముందు బట్టలు తీసేసి సబ్బుతో కడగాలి. తర్వాత ఎసిటైల్‌కోలిన్ ప్రభావాన్ని అడ్డుకునే అట్రోపిన్: పెద్దవారికి 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు, అంటే 0.6 మిల్లీగ్రాముల ఆంపూళ్లు మూడు నుంచి అయిదు. ఛాతీలో గురగుర తగ్గేదాకా 5 నిమిషాలకోసారి రెట్టింపు చేయాలి. కంటిపాప విప్పారిందని అక్కడితో ఆపేస్తే పొరపాటు. ఊపిరితిత్తులు శుభ్రపడాలి, నాడి 80 దాటాలి.

ప్రాలిడాక్సిమ్ అనే మందు విషం పట్టు నుంచి ఎంజైమును విడిపిస్తుంది, కానీ గంటలు గడిచేకొద్దీ ఆ బంధం ముదిరిపోతుంది. మోనోక్రోటోఫాస్ వర్గంలో అది మరీ త్వరగా జరుగుతుంది. పైగా కండరాల నీరసం మీద అట్రోపిన్ పని చేయదు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, గండం గట్టెక్కిందనుకున్న రోగికే ఊపిరి కండరాలు సడలుతాయి. తలగడ మీంచి తల ఎత్తమంటే ఎత్తలేకపోతే వెంటిలేటర్ సిద్ధం చేసుకోవాలి.