గుండెపోటు రాకముందే కుంగుబాటుకు మందు

అరవై దాటిన మనిషి డాక్టర్ దగ్గర "మనసు బాగోలేదు" అనడం అరుదు. అన్నం సయించడం లేదంటారు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందంటారు, ఒళ్లంతా నొప్పులంటారు. చీటీలో గ్యాస్ మాత్ర, బలానికి టానిక్, నిద్రకు అల్ప్రాజోలమ్ చేరతాయి. వయసు మీద పడింది కదా అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. అసలు జబ్బు డిప్రెషన్ అయితే మాత్రం అది మనసుతో ఆగదు, గుండెనూ తినేస్తుంటుంది.

లోపల కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. రక్తంలోని ప్లేట్‌లెట్లు తేలిగ్గా గడ్డకట్టే స్థితికి వస్తాయి, రక్తనాళాల గోడల్లో వాపు పెరుగుతుంది. బయటికి కనిపించేది ఇంకా మామూలు సంగతి: బీపీ మాత్ర వేసుకోవాలనిపించదు, సాయంత్రం నడక ఆగిపోతుంది, మానేసిన చుట్ట మళ్లీ నోట్లోకి వస్తుంది.

మరి కుంగుబాటు తగ్గిస్తే గుండె నిలబడుతుందా? 1999లో అమెరికాలోని 18 క్లినిక్కుల్లో 60 దాటిన 1,801 మందితో ఇంపాక్ట్ అనే పరిశోధన మొదలైంది. సగం మందికి మామూలు వైద్యమే. మిగతా సగం మందిని ఒక నర్సో సైకాలజిస్టో ఏడాదిపాటు కనిపెట్టుకుని ఉండి, తరచూ పలకరించి స్కోరు రాసుకునేవారు. మానసిక వైద్యులు ఆ చిట్టా చూసి, తగ్గనివాళ్లకు చికిత్స మార్పించేవారు. ఏడాది తిరిగేసరికి లక్షణాలు కనీసం సగం తగ్గినవాళ్లు ఇక్కడ 45 శాతం, మామూలు వైద్యంలో 19 శాతం.

అందులో ఇండియానా రాష్ట్రానికి చెందిన 235 మందిని 8 ఏళ్లు గమనించి 2014లో ఫలితాలు ప్రకటించారు. మొదట్లో గుండెజబ్బు లేని 168 మందిలో, మామూలు వైద్యం పొందినవాళ్లలో 47 శాతానికి గుండెపోటో పక్షవాతమో వచ్చింది, ఇంపాక్ట్ చికిత్స పొందినవాళ్లలో 28 శాతానికి. అప్పటికే గుండెజబ్బు ఉన్నవాళ్లలో మాత్రం తేడా లేదు: 81, 86 శాతం. అంటే వేళ ముఖ్యం. గుండెపోటు వచ్చిన 2,481 మందిలో సగం మందికి కౌన్సెలింగ్ ఇచ్చి చూసిన ఎన్‌రిచ్డ్ అనే పరిశోధనలోనూ (2003) కుంగుబాటు కొంత తగ్గింది గానీ ప్రాణాలు అదనంగా నిలవలేదు. కొరియాలో ఇలాంటివాళ్లకే ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందుతో చేసిన పరిశోధనలో మాత్రం లాభం కనిపించింది, కాబట్టి ఆ తలుపు పూర్తిగా మూసుకోలేదు.

168 మంది చిన్న సంఖ్యే. తర్వాత 50 దాటిన 216 మందితో చేసిన పరిశోధనలో చికిత్సతో డిప్రెషన్ తగ్గినా, గుండె ముప్పుకు గుర్తుగా చూసే చేతి రక్తనాళం సాగే గుణంలో మార్పు రాలేదు. కాబట్టి దీన్ని గుండెకు మందుగా అమ్మేవాళ్లను నమ్మక్కర్లేదు. డిప్రెషన్‌కు డిప్రెషన్‌గానే వైద్యం చేయించాలి, గుండెకు కలిసొస్తే అది కొసరు. ఈ పద్ధతి మన దగ్గరా పనిచేస్తుందా అనే అనుమానానికి విశాఖపట్నం క్లినిక్ కూడా పాల్గొన్న ‘ఇండిపెండెంట్’ అనే పరిశోధన కొంత జవాబిచ్చింది. షుగర్, డిప్రెషన్ రెండూ ఉన్న 404 మందిలో, ఇలా కనిపెట్టుకుని చూసిన గుంపులో కుంగుబాటు సగం తగ్గి, దాంతోపాటు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్‌లో ఒకటైనా మెరుగుపడ్డవాళ్లు ఎక్కువ.

చికిత్సకు మొదటి మెట్టు కొలత. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో 9 ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్ పూర్తిగా పరీక్షించాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, సోడియం కూడా చూడాలి. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లలో బీ12 తగ్గి అచ్చం కుంగుబాటులాగే కనిపించవచ్చు.

లక్షణాలు తేలికగా ఉంటే మాటల చికిత్సే చాలవచ్చు. ఇంపాక్ట్‌లో వాడినది సమస్యను ముక్కలు చేసే పద్ధతి, 6 నుంచి 8 విడతలు. "జీవితం బాగోలేదు" అన్నది సమస్య కాదు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడే మనిషి లేడు" అన్నది సమస్య. దానికి నాలుగైదు దారులు రాసి, ఒకటి ఎంచుకుని, ఏ రోజు ఎన్ని గంటలకో నిర్ణయించి, తర్వాతి విడతలో ఏమైందో చూస్తారు.

మందుల దగ్గరే పొరపాట్లు ఎక్కువ. పెద్దవాళ్లకు సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 50కి పెంచడం మామూలు. ఎస్సిటాలోప్రామ్ 10 దాటించరు, దాటితే గుండె లయ చెడవచ్చు. అమిట్రిప్టిలిన్ అనే పాత డిప్రెషన్ మందు గుండెజబ్బు ఉన్నవాళ్లకు మంచిది కాదు. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి నీరు పోయే బీపీ మాత్రతో కలిస్తే సోడియం పడిపోయి, మనిషి మతిమరుపుగా, తూలుతూ కనిపించవచ్చు. అందుకే రెండు మూడు వారాల్లో సోడియం పరీక్ష. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లలో ఈ మందుల వల్ల కడుపులో రక్తస్రావం జరగవచ్చు, నల్లటి విరేచనమైతే వెంటనే చెప్పాలి. ఫ్లూక్సెటిన్ అనే డిప్రెషన్ మందు మెటోప్రొలాల్ అనే బీపీ, గుండె మాత్రను ఒంట్లో పేరుకునేలా చేస్తుంది, నాడి బాగా నెమ్మదించవచ్చు.

ఫలితానికి 4 నుంచి 8 వారాలు పడుతుంది. పది రోజులకే పని చేయట్లేదని మానేసేవాళ్లే ఎక్కువ. 10, 12 వారాలకూ స్కోరు సగం కాకపోతే, రోగిని తప్పుపట్టకుండా డోసో మందో మార్చాలి. తగ్గాక కూడా 6 నుంచి 12 నెలలు కొనసాగించి, మెల్లగా దించాలి. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, ఒళ్లు జివ్వుమనడం ఉంటాయి. అల్ప్రాజోలమ్ మాత్రం డిప్రెషన్‌ను తగ్గించదు సరికదా, రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు పడేస్తుంది.

పీహెచ్‌క్యూలో 9వ ప్రశ్న చావు ఆలోచనల గురించి. దాన్ని దాటవేయకుండా సూటిగా అడగాలి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. జవాబు సున్నా కాకపోతే ఇంట్లో పురుగుమందు డబ్బా, పోగుపడ్డ నిద్రమాత్రలు ఆ పూటే తీసేయాలి, మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. టెలీ-మానస్ నంబర్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు.