ముంపు ఊరు నుంచి మండలానికి: ఎటపాక దగ్గర గీసిన గీత వెనుక కథ

తెలంగాణలోని భద్రాచలం పట్టణాన్ని ఆనుకొని ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను తెలంగాణకు తిరిగి ఇవ్వాలన్న డిమాండు మళ్లీ చర్చకు వచ్చింది. గోదావరి ప్రమాద హెచ్చరికలు దాటినప్పుడు, రాములవారి భూముల మీద గొడవ జరిగినప్పుడు, రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు ఒకచోట కూర్చున్నప్పుడు ఈ మాట పైకి రావడం, నాలుగు రోజుల తర్వాత అణగిపోవడం పదేళ్లకు పైగా సాగుతూనే ఉంది. రాష్ట్ర విభజన ఎలా జరిగిందో పాఠకులకు తెలుసు గనుక ఆ కథను ఇక్కడ తిరిగి చెప్పడం లేదు. ఈ తగాదాను అర్థం చేసుకోవడానికి చూడవలసినది 2014 మార్చికీ జులైకీ మధ్య నడిచిన నాలుగు నెలలను. గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు ముంపును కొలిచే కొలత ఆ నాలుగు నెలల్లోనే ఊరు నుంచి మండలానికి మారింది.

2014 మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం ఖమ్మం జిల్లాను తెలంగాణలో చేర్చుతూనే కొన్ని రెవెన్యూ గ్రామాలను అందులోంచి మినహాయించింది. పోలవరం ముంపు గ్రామాలను పేర్కొంటూ నీటిపారుదల శాఖ 2005 జూన్ 27న ఇచ్చిన 111వ నంబరు జీవోలోని గ్రామాలు, వాటితోపాటు బూర్గంపాడు మండలంలోని మూడు గ్రామాలు ఆ మినహాయింపు కిందికి వచ్చాయి. అంటే మూల చట్టం ముంపును ఊరు లెక్కన చూసింది. నీళ్లు వచ్చే ఊరు ఆంధ్రప్రదేశ్‌కు, రాని ఊరు తెలంగాణకు అన్నది దాని సూత్రం. ఆ పద్ధతిలో సరిహద్దు చిందరవందరగా తయారవుతుందన్న అభ్యంతరం అప్పుడే వినిపించింది, అందులో నిజం లేకపోలేదు. ఒకే మండలంలో నాలుగు ఊళ్లు ఒక రాష్ట్రంలో, వాటి మధ్య ఉన్న రెండు ఊళ్లు మరో రాష్ట్రంలో ఉంటే పాలన నడపడం కష్టమే.

అంతకు ముందు, 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఇచ్చిన హామీల్లో పోలవరానికి సంబంధించినది ఒకటి ఉంది. నిర్వాసితుల సహాయ పునరావాసాలు సాఫీగా, పూర్తిగా జరగడానికి ఇంకేమైనా సవరణలు అవసరమైతే వాటిని త్వరలోనే అమలులోకి తెస్తామన్నది దాని సారాంశం. హామీ ఇచ్చింది పునరావాసం కోసమన్న సంగతి గుర్తుంచుకోవాలి; ఆ తర్వాత జరిగిన సవరణను పరీక్షించడానికి అంతకంటే సరైన గీటురాయి లేదు.

కేంద్రంలో ప్రభుత్వం మారిన రెండు రోజులకే కొత్త మంత్రివర్గం పునర్వ్యవస్థీకరణ చట్టాన్ని సవరించే ఆర్డినెన్సుకు ఆమోదం తెలిపింది, మే 29న అది వెలువడింది. తెలంగాణ అధికారికంగా అవతరించడానికి అప్పటికి నాలుగు రోజులే ఉంది. అదే రోజు తెలంగాణలో బంద్ జరిగింది. జూన్‌లో కొత్త రాష్ట్ర శాసనసభ దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. జులైలో పార్లమెంటు ఉభయసభలు సవరణ బిల్లును ఆమోదించడంతో ఆర్డినెన్సు చట్టంగా మారింది. దాని ప్రకారం కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు పూర్తిగా, బూర్గంపాడు, భద్రాచలం మండలాలు కొంత మేరకు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. చింతూరు మండలంతోపాటు మోతుగూడెంలోని 460 మెగావాట్ల దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం కూడా వెళ్లింది. అప్పట్లో హైదరాబాదులో జరిగిన గొడవంతా చాలావరకు ఆ కరెంటు చుట్టూ తిరిగింది. ఎటపాక గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

సవరణ చట్టంలోని ఆ వాక్యాన్ని నిదానంగా చదివితే నేటి తగాదా అంతా అక్కడే కనిపిస్తుంది. బూర్గంపాడు మండలం దగ్గరికి వచ్చేసరికి చట్టం ఊరు లెక్కనే పట్టుకుంది. సారపాక, బూర్గంపాడు, ఇరవెండి మొదలైన 12 రెవెన్యూ గ్రామాలను పేరుపేరునా రాసి, వాటిని తెలంగాణలోనే ఉంచి, మిగిలినవాటిని మాత్రమే బదిలీ చేసింది. పెద్ద కాగితపు కర్మాగారం ఉన్న సారపాక ఆ విధంగా నిలిచింది. నదికి ఇవతలి ఒడ్డున భద్రాచలం మండలం విషయంలో మాత్రం ఒక్క భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని మినహాయించి మిగిలిన మండలాన్నంతా బదిలీ చేసింది. ఒకే చట్టం, ఒకే వాక్యం, ఒకే నదికి ఎదురెదురు ఒడ్డులు. కొలతలు మాత్రం రెండు. బూర్గంపాడులో ఏ ఊరికి నీళ్లొస్తాయో, ఏ ఊరు ఎటు ఉండాలో విడివిడిగా చూడగలిగినవారు భద్రాచలంలో అంత ఓపిక ఎందుకు పట్టలేదో ఆ చట్టంలో ఎక్కడా వివరణ లేదు. ఐదు పంచాయతీలు ముంపు కారణంగా కాక, మండలంలో భాగమైనందువల్లనే వెళ్లిపోయాయని తెలంగాణ చేస్తున్న వాదనకు బలం ఇక్కడి నుంచే వస్తోంది.

మండలం అన్న కొలత ఈ అడవి ప్రాంతానికి ఎందుకు సరిపడదో ఇక్కడి భూమిని, జనాన్ని చూస్తే తెలుస్తుంది. మండలాలు 1985లో వచ్చాయి. డెల్టాలో మండలమంటే ఒకదానికొకటి ఆనుకున్న ఊళ్లు, ఏ మూల నుంచైనా గంటలో చేరగల మండల కేంద్రం. శబరి, సీలేరు, గోదావరి నడుమ మండలమంటే మధ్యలో కొండలూ రిజర్వు అడవీ, వాగుల వెంట ఇరవై ముప్పై ఇళ్ల కోయ గూడేలు, పాపికొండల వైపు కొండరెడ్ల ఆవాసాలు. ఎటపాక చేరిన అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడినప్పుడు 12,251 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణానికి 2011 లెక్కల ప్రకారం జనాభా 9.54 లక్షలు, అంటే చదరపు కిలోమీటరుకు 80 మంది కూడా లేరు. రాష్ట్ర సగటు 300 పైన ఉంది. ఇంత పలచని జనాభా ఉన్నచోట మనుషుల రాకపోకలు పరిపాలన గీతల వెంట నడవవు. సంత ఎక్కడ జరుగుతుందో, ఆసుపత్రి ఎక్కడ ఉందో, వానాకాలంలో ఏ బాట తెగకుండా ఉంటుందో వాటి వెంట నడుస్తాయి. ఐదు పంచాయతీలకు ఆ మూడూ భద్రాచలమే. తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు అమ్ముకునేదీ అక్కడే, కాన్పుకు వెళ్లేదీ అక్కడికే.

గీత రెండో వైపు నుంచి చూసినా ఇబ్బంది తక్కువేమీ కాదు. దుమ్ముగూడెం, చర్ల మండలాలు తెలంగాణలోనే ఉన్నాయి. పర్ణశాల దుమ్ముగూడెం మండలంలోనిదే. అయినా భద్రాచలం నుంచి అక్కడికి వెళ్లే దారి ఆంధ్రప్రదేశ్ పంచాయతీల మీదుగా సాగుతుంది. సుమారు 50 వేల జనాభా ఉన్న పట్టణానికి శివారన్నది లేకుండా పోయింది. చెత్త పోయడానికి చోటు లేదు, కొత్తగా ఏదైనా కట్టాలంటే భూమి లేదు. సీతారామచంద్రస్వామి ఆలయానికి పురుషోత్తపట్నంలో సుమారు 890 ఎకరాల భూమి ఉంది; గుడి ఒక రాష్ట్రంలో, దాని మాన్యం మరో రాష్ట్రంలో. 2025 జులైలో అక్కడి ఆక్రమణలను అడ్డుకోవడానికి వెళ్లిన ఆలయ కార్యనిర్వహణాధికారిపై దాడి జరిగినప్పుడు, ఒక రాష్ట్రపు అధికారి తన సంస్థ భూమిని కాపాడుకోవడానికి మరో రాష్ట్రపు పోలీసుల మీద ఆధారపడవలసిన పరిస్థితి అందరికీ కనిపించింది.

వరదల సంగతి ఇంకా బరువైనది. భద్రాచలం వద్ద గోదావరి 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులు తాకింది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. ఆ వరద తర్వాతే అప్పటి తెలంగాణ రవాణా మంత్రి పువ్వాడ అజయ్ కుమార్ ఐదు గ్రామాలను ఇవ్వాలని గట్టిగా అడిగారు, ఆంధ్రప్రదేశ్ మంత్రులు దాన్ని అంతే గట్టిగా తోసిపుచ్చారు. పట్టణాన్ని కాపాడే కరకట్టను పొడిగించాలన్నా, సహాయ శిబిరాలకు ఎత్తైన చోటు వెతకాలన్నా రాష్ట్ర సరిహద్దు అడ్డొస్తున్నదన్నది తెలంగాణ ఫిర్యాదు. పోలవరం వెనుక జలాలతో భద్రాచలానికి ముప్పు పెరుగుతుందా అన్నది వేరే వివాదం, దానిపై రెండు ప్రభుత్వాలూ ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. అయితే కరకట్ట సమస్యకు ఆ వివాదం తేలడంతో పని లేదు; వరద గోదావరికి సహజంగా వచ్చేదే.

ఆంధ్రప్రదేశ్ వైపు వాదన రెండు మాటల్లో ఉంది. మొదటిది చరిత్ర. భద్రాచలం తాలూకా 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు వచ్చింది, ఆ తర్వాత తూర్పు గోదావరిలో ఉంది, 1959లో మాత్రమే ఖమ్మంలో కలిసింది. కాబట్టి 1956 నాటి తెలంగాణలో భద్రాచలమే లేదని వారంటారు. ఇది వాస్తవమే. అయితే ఈ వాదన కుక్కునూరు, వేలేరుపాడులకు వర్తించదు, అవి నిజాం రాజ్యంలోనివి. పైగా పునర్వ్యవస్థీకరణ చట్టం భద్రాచలం పట్టణాన్ని తెలంగాణకే ఇచ్చింది గనుక ఆ పట్టణాన్ని ఆనుకున్న ఊళ్లకు మాత్రమే 1959 లెక్క వేయడం అతకదు. రెండోది పునరావాసం. పోలవరం వల్ల 373 ఆవాసాల్లో లక్షా ఆరు వేలకు పైగా కుటుంబాలు కదలవలసి ఉంది, వాటి బాధ్యత ఒకే ప్రభుత్వం చేతిలో ఉండాలి. కూనవరం, వరరామచంద్రాపురం, వేలేరుపాడుల విషయంలో ఇది కాదనలేని మాట. అక్కడి నిర్వాసితుల్లో పరిహారం కోసం ఏళ్ల తరబడి ఎదురు చూస్తున్నవారు ఎందరో ఉన్నారు, వారి పేరు చెప్పి తీసుకున్న భూమి మీద వారికే ముందు న్యాయం జరగాలి. ఆ వాదన ఎటపాక శివారు దాకా ఎలా సాగుతుందో మాత్రం ఎవరూ తృప్తికరంగా చెప్పలేదు.

ఈ బదిలీ జనం ఓటును కూడా ఎలా చెదరగొట్టిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2014 ఏప్రిల్ 30న ఈ మండలాల ప్రజలు తెలంగాణ శాసనసభకు ఓటు వేశారు. భద్రాచలం నుంచి గెలిచిన సీపీఎం నాయకుడు సున్నం రాజయ్య సొంత ఊరు వరరామచంద్రాపురం మండలంలోని సున్నంవారిగూడెం. రెండు నెలలు తిరిగేసరికి ఆయన ఊరు ఆంధ్రప్రదేశ్‌లో, ఆయన పదవి తెలంగాణలో ఉన్నాయి. ఈ మండలాలను రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాలలో అధికారికంగా కలపడం 2018లో గానీ జరగలేదు. అప్పటి వరకు తమను పాలిస్తున్న శాసనసభలో ఇక్కడి ప్రజలకు తాము ఎన్నుకున్న సభ్యుడు లేడు. 2019లో రాజయ్య రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడిపోయారు, మరుసటి ఏడాది కన్నుమూశారు.

జిల్లా కేంద్రం మాట కూడా చెప్పుకోవాలి. ఎటపాక మనిషికి మొదట కలెక్టరు కాకినాడలో ఉండేవారు, 2022 నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలోని పాడేరులో ఉన్నారు. 2025 చివర రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లాను ఏర్పాటు చేయడంతో దూరం తగ్గింది, అది నిజంగా మేలైన నిర్ణయం. అయినా అది మారేడుమిల్లి ఘాటు దాటి వెళ్లవలసిన, నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. భద్రాచలంలోని సబ్‌కలెక్టరు కార్యాలయానికి ఎటపాక నుంచి ఆటోలో పోవచ్చు.

ఇదంతా గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక పాలన ఏర్పరచిన అయిదో షెడ్యూలు ప్రాంతం. గ్రామసభను గిరిజన స్వపరిపాలనకు పునాదిగా గుర్తించిన పెసా చట్టం 1996 నుంచి అమలులో ఉంది. ప్రాజెక్టుకు భూమి తీసుకునే ముందు, నిర్వాసితులకు పునరావాసం కల్పించే ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని చెప్పే చట్టమది. ఏ రాష్ట్రంలో ఉంటారని మాత్రం 2014లో ఈ గూడేలలో ఎవరినీ అడగలేదు, రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చిన రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం అడగవలసిన అవసరమూ కేంద్రానికి లేదు. ఇప్పుడు సరిచేయాలన్నా దారి ఆ అధికరణమే. 2024 జులై 6న హైదరాబాదులోని ప్రజాభవన్‌లో ఇద్దరు ముఖ్యమంత్రులు సమావేశమైనప్పుడు ఐదు పంచాయతీల సంగతి మళ్లీ వార్తల్లోకి వచ్చింది. అయితే ముఖ్యమంత్రులిద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన గీత జరగదు. పార్లమెంటు మరొక సవరణ చేయాలి. ఆ సవరణలో కొత్తగా కనిపెట్టవలసినదేమీ లేదు. బూర్గంపాడుకు వాడిన పద్ధతిలోనే భద్రాచలం రెవెన్యూ గ్రామం పక్కన ఈ ఐదు పంచాయతీల పరిధిలోని గ్రామాల పేర్లను చేర్చితే సరిపోతుంది.

జనగణన కోసం 2025 డిసెంబరు 31 తర్వాత పరిపాలన సరిహద్దులు స్తంభించాయి. 2027 ఫిబ్రవరిలో జరగవలసిన జనాభా లెక్కల్లో ఎటపాక, దాని పక్క ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోని పోలవరం జిల్లా పేరు మీదనే నమోదవుతాయి.